కంప్యూటర్ స్టీరింగ్ మీద నేర్చుకున్నది శ్రీశైలం ఘాట్‌లో అక్కరకొస్తుందా?

ఉదయసముద్రం (నల్గొండ):

అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది నల్గొండ పక్కన పానగల్లు. ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. చిన్నప్పటి నుంచి కార్లంటే ప్రాణం. ఇంట్లో కారు లేకపోయినా కంప్యూటర్‌లో మాత్రం ఎన్నో కార్లు నడిపాను. నీడ్ ఫర్ స్పీడ్‌తో మొదలుపెట్టి ఇప్పుడు ఎక్కువగా ఫోర్జా హొరైజన్ 5, అసెట్టో కోర్సా ఆడుతున్నాను. మొదట్లో కీబోర్డుతో, తర్వాత కంట్రోలర్‌తో ఆడాను. ఇప్పుడు లాజిటెక్ జీ29 స్టీరింగ్, పెడళ్లు కొనాలని డబ్బు కూడబెట్టుకున్నాను.

ఇంట్లో మాట వచ్చింది ఇక్కడే. నాన్నగారు ఈ దసరాకు ఒక పాత స్విఫ్ట్ తీసుకోవాలని చూస్తున్నారు. ఆ డబ్బు ఆటకు పెట్టే బదులు డ్రైవింగ్ స్కూలుకు కట్టమని, కారు వచ్చాక ఇంటిల్లిపాదినీ శ్రీశైలం తీసుకుపోవలసింది నేనేనని ఆయన అంటున్నారు. స్టీరింగ్ మీద బాగా సాధన చేస్తే డ్రైవింగ్ సగం వచ్చినట్టేనని, ఆ తర్వాత స్కూలుకు వెళ్లడం లైసెన్సు కోసమే అవుతుందని నేను అనుకుంటున్నాను. ఆటలో అబ్బిన నేర్పు మన రోడ్ల మీద, ముఖ్యంగా మన్ననూరు దాటాక వచ్చే అడవి దారిలో, ఘాట్‌లో ఎంతవరకు పనికొస్తుందో రెండూ చేసినవారు దయచేసి చెప్పండి.

ఇంకొక సందేహం. మిత్రుడి ఇంట్లో గ్రాన్ టురిస్మో 7లో స్విఫ్ట్ నడిపి చూశాను. చాలా చురుకైన కారుగా అనిపించింది. నిజంగా కూడా అది అంతేనా?

పాలమూరు చక్రం (మహబూబ్‌నగర్):

తమ్ముడూ, నీ ప్రశ్న చదివి సంతోషం కలిగింది. కార్ల పిచ్చి, ఆటల పిచ్చి నాకు ఒకే వయసులో పట్టాయి, కాబట్టి ఈ విషయం మీద గట్టి అభిప్రాయమే ఉంది. స్టీరింగ్ కొనుక్కో, డ్రైవింగ్ స్కూలులోనూ చేరు, రెండూ ఒకేసారి మొదలుపెట్టు. స్టీరింగ్ వల్ల సగం డ్రైవింగ్ వచ్చేస్తుందన్న లెక్కను మాత్రం పక్కన పెట్టు. ఆట నీ కంటికి, నీ కుడికాలికి పాఠం చెబుతుంది, అదీ చాలా బాగా చెబుతుంది. మన రోడ్డు అడిగేవాటిలో మిగిలినవి దాని చేతిలో లేవు.

ముందు ఆట పక్షాన చెప్పవలసింది చెబుతాను, ఎందుకంటే నాన్నగారికి నువ్వు సమాధానం చెప్పుకోవాలి. నిస్సాన్, ప్లేస్టేషన్ కలిసి 2008లో జీటీ అకాడమీ అనే పోటీ పెట్టి, గ్రాన్ టురిస్మోలో అందరికంటే వేగంగా నడిపినవారిని ఏరి నిజమైన రేసు కార్లలో కూర్చోబెట్టాయి. మొదటి విజేత స్పెయిన్ దేశస్థుడు లూకాస్ ఆర్డోన్యెజ్, 2011లో గెలిచిన బ్రిటన్ యువకుడు యాన్ మార్డెన్‌బరో, మరో డ్రైవరుతో కలిసి ఒకే కారును పంచుకుని 2013 లె మాన్ 24 గంటల రేసులో తమ తరగతిలో మూడో స్థానం సాధించారు. ఫార్ములా వన్ ఛాంపియన్ అయ్యాక కూడా మాక్స్ వెర్‌స్టాపెన్ ఐరేసింగ్ అనే కంప్యూటర్ రేసు ఆట ఆడటం మానలేదు. మన దగ్గరి సంగతికే వస్తే, 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల పోటీ అయిన ఫార్ములా ఇ రేసు జరిగింది కదా. ఆ 2.83 కిలోమీటర్ల సర్క్యూట్ ఆ పోటీకి కొత్తది, దాన్ని సిమ్యులేటర్ల మీద నేర్చుకునే జట్లు హైదరాబాద్‌లో దిగాయి. కాబట్టి ఇది ఆటబొమ్మ అన్న మాట నిలవదు.

కానీ వాళ్లు నేర్చుకున్నది ఒక ట్రాక్‌ను, అది గుర్తుంచుకో. ట్రాక్‌లో రేపు కూడా అదే మలుపు, అదే గోడ, బ్రేకు వేయడానికి అదే గుర్తు ఉంటాయి. చుట్లు తిరిగేకొద్దీ ఆ గుర్తు కనబడగానే కాలు తనంతట తానే బ్రేకు మీదికి పోతుంది. శ్రీశైలం దారిలో ఎన్నిసార్లు పోయినా ప్రతి మూలమలుపూ మొదటిసారి చూసినట్టే నడపాలి, ఎందుకంటే నిన్న ఖాళీగా ఉన్న చోట ఇవాళ ఆర్టీసీ బస్సు మలుపు తీసుకుంటూ ఉంటుంది, మరునాడు కోతుల గుంపు కూర్చుని ఉంటుంది. మలుపు అవతల ఏముందో తెలియనప్పుడు, కనబడుతున్న దూరంలోపల ఆగగలిగే వేగంలోనే ఉండాలి. ట్రాక్ మీద దీన్ని నేర్పవలసిన అవసరమే ఉండదు.

రేసింగ్ లైను అనే అలవాటును అసలు కారులోకి తీసుకుపోకు. మలుపు బయటి అంచున మొదలై, లోపలి అంచును తాకి, మళ్లీ బయటి అంచుకు చేరే ఆ గీత రోడ్డు వెడల్పంతా మనదే అయినప్పుడు గీసుకునేది. ఘాట్‌లో నీది సగం రోడ్డే. కుడివైపు మలుపులో లోపలి అంచుకు పోయావంటే ఎదురుగా వచ్చేవాడి దారిలోకి పోయినట్టే, ఎడమవైపు మలుపును బయటి అంచు నుంచి మొదలుపెట్టినా అంతే. నీ సగంలోనే ఉండి, మలుపుకు ముందే వేగం తగ్గించి, తగిన గేరులోకి దిగి, అవతలి దారి కనబడ్డాకే మెల్లగా యాక్సిలరేటర్ ఇవ్వాలి. ఇంట్లో సాధన చేసేటప్పుడు కూడా అప్పుడప్పుడు ట్రాక్ ఎడమ సగంలోనే నడపడం అలవాటు చేసుకో. చుట్టుకు పట్టే సమయం పెరుగుతుంది, అయినా చేయి కుదురుతుంది.

ఆట నేర్పేవాటిలో నేను అన్నిటికంటే ఎక్కువ విలువ ఇచ్చేది చూపుకు. కారు కొత్తగా నేర్చుకునేవారు బానెట్‌కు ఎదురుగా ఉన్న కొద్దిపాటి రోడ్డునే చూస్తూ నడుపుతారు, అందుకే బండి అటూ ఇటూ ఊగుతుంది. ఆటలో అలా చూస్తే మొదటి మలుపులోనే పక్కకు పోతావు, కాబట్టి చూపు దూరానికి పోవడం, చేతులు చూపు వెంట పోవడం అలవాటవుతుంది. ఈ అలవాటు నేరుగా కారులోకి వస్తుంది. స్కూలులో నేర్పేవారు కూడా ఇది ఉన్నవారిని వెంటనే గుర్తుపడతారు.

రెండోది బ్రేకు. 1997లో వచ్చిన మొదటి గ్రాన్ టురిస్మోలో లైసెన్సు పరీక్షలుండేవి. వాటిలో తొలి పాఠం కారును వేగంగా తీసుకుపోయి గీసిన హద్దులో ఆపడం. పజిల్స్, ప్రదర్శనల హడావుడి లేకుండా అంత సాదా పాఠంతో ఆటను మొదలుపెట్టినందుకు ఆ ఆట చేసినవారి మీద నాకు ఇప్పటికీ గౌరవం ఉంది. వేగం రెండింతలైతే ఆగే దూరం నాలుగింతలవుతుంది. పొడి డాంబరు రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పడ్డాక సుమారు 20 మీటర్లలో ఆగే కారుకు 120లో సుమారు 80 మీటర్లు కావాలి. కాలు బ్రేకు మీదికి చేరేలోపు పోయే దూరం దీనికి అదనం, 120లో అది సెకనుకు 33 మీటర్లు. భౌతికశాస్త్రం పుస్తకంలో ఈ సూత్రం మనమందరం చదివినా, దాన్ని ఒంటికి పట్టించింది నాకైతే ఆటే.

అయితే బ్రేకు విషయంలోనే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. అసెట్టో కోర్సాలో, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్‌ను తీసేసి ఆడేవారికి చక్రం బిగుసుకుపోయే అంచు దాకా నొక్కి, కొంచెం వదిలి, మళ్లీ నొక్కే నేర్పు వస్తుంది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. ఏబీఎస్ ఉన్న కారులో అకస్మాత్తుగా ఆపవలసి వస్తే పెడల్‌ను పూర్తి బలంతో నొక్కి పట్టుకుని, స్టీరింగ్‌తో అడ్డాన్ని తప్పించాలి. కాలి కింద పెడల్ టకటకా కొట్టుకుంటుంది, దానికి భయపడి కాలు తీయకూడదు. ఆటలో నేర్చుకున్న పద్ధతిలో సుతారంగా నొక్కుతూ వదులుతూ పోతే ఆగే దూరం పెరుగుతుంది. మీరు కొనబోయే పాత స్విఫ్ట్‌లో ఏబీఎస్ ఉందో లేదో ముందే తెలుసుకో, దాన్నిబట్టే కాలికి అలవాటు చెయ్యాలి.

ఆట అందివ్వలేనిది కుర్చీ నుంచి వచ్చే సమాచారం. కారు మలుపులో పక్కకు జారబోతుంటే ముందుగా తెలిసేది నడుముకు, తర్వాత చెవికి, ఆ తర్వాతే కంటికి. బల్ల ముందు కూర్చున్నప్పుడు ఆ మొదటి కబురు రాదు. జీ29లో ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ మోటార్లు చేతులకు కొంత చెబుతాయి, ముందు టైర్ల పట్టు తగ్గగానే స్టీరింగ్ తేలికవుతుంది, కానీ వెనక టైర్ల సంగతి ఒంటికి తెలియదు. క్లచ్ కూడా అంతే. ఆటలో అది స్ప్రింగు మీద కాలు పెట్టడమే, అసలు కారులో క్లచ్ సగం వదిలిన చోట, అంటే హాఫ్ క్లచ్ దగ్గర బండి చిన్నగా వణుకుతుంది, ఇంజన్ శబ్దం మారుతుంది, ఎక్కుడులో ఆగి మళ్లీ కదిలేటప్పుడు ఆ వణుకే నీకు దిక్కు. ఇది స్కూలు కారులోనే నేర్చుకోవాలి.

స్టీరింగ్ కొన్నాక కొన్ని ఏర్పాట్లు సరిగ్గా చేసుకో. తిరిగే కోణం పూర్తిగా 900 డిగ్రీలు, అంటే రెండున్నర చుట్లు ఉంచు. తగ్గించుకుంటే రేసు కారు అనుభవం వస్తుంది తప్ప స్విఫ్ట్ అనుభవం రాదు. గేరు కర్ర విడిగా కొనాలి, దాన్ని తప్పకుండా ఎడమవైపు బిగించు. తెర మీద దృశ్యకోణాన్ని నీ మానిటర్ పరిమాణానికి, నువ్వు కూర్చునే దూరానికి తగ్గట్టు తగ్గించుకో. ఎక్కువ వెడల్పుగా పెడితే దూరాలు ఉన్నదానికంటే ఎక్కువగా కనబడతాయి, మలుపు ఎప్పుడు వస్తుందో కంటికి తప్పుడు లెక్క అలవాటవుతుంది. ఫోర్జా హొరైజన్ 5 మెక్సికో అందాలు చూడటానికి, సరదాగా తిరగడానికి గొప్ప ఆట, నేనూ ఆడతాను. సాధనకు మాత్రం అసెట్టో కోర్సా, బీమ్ఎన్‌జీ డ్రైవ్ మేలు, అది కూడా తక్కువ శక్తిగల మామూలు కార్లతో.

ఇక స్విఫ్ట్ సంగతి. నువ్వు ఆటలో నడిపింది స్విఫ్ట్ స్పోర్ట్ అయి ఉంటుంది. 2017లో వచ్చిన స్పోర్ట్‌లో 1.4 లీటర్ల టర్బో ఇంజన్, సుమారు 140 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) శక్తి ఉన్నాయి, ఆ కారు మన దేశంలో అమ్మకానికి రాలేదు. 2024 మే నెలలో ఇక్కడ విడుదలైన స్విఫ్ట్‌లో ఉన్నది 1.2 లీటర్ల మూడు సిలిండర్ల ఇంజన్, 82 పీఎస్. దానికి ముందరి తరంలో నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజన్ ఉండేది, 2021లో మార్పు చేశాక దాని శక్తి 90 పీఎస్. నా అభిప్రాయంలో ఆ నాలుగు సిలిండర్ల ఇంజనే సాఫీగా తిరిగేది, దొరికితే అదే చూసుకోండి. స్టీరింగ్ తేలిక, గేరు సాఫీ, బరువు తక్కువ కనుక ఊళ్లో నిజంగానే చురుకుగా ఉంటుంది. కానీ టర్బో లేని పెట్రోలు బండిలో ఐదుగురు కూర్చుని ఘాట్ ఎక్కితే రెండో గేరుకు దిగక తప్పదు. ఆటలు కారును పీఎస్‌లతో, సున్నా నుంచి వందకు పట్టే సెకన్లతో తూస్తాయి. దేవరకొండ మీదుగా రాత్రిపూట ఇంటికి వచ్చేవాడికి హెడ్‌లైట్ల వెలుతురు, టైర్ల పట్టు, నడుము నొప్పి రానివ్వని సీటు వాటికంటే ముఖ్యం, ఏ ఆటలోనూ వాటికి మార్కులుండవు.

మిర్యాల లోడు (మిర్యాలగూడ):

పైన అన్నగారు చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఆయన రేసు ఆటల గురించే చెప్పారు కాబట్టి నేను యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 గురించి చెబుతాను. 2012లో వచ్చిన ఈ ఆటను చాలామంది నిదానమైన ఆట అని పక్కన పెడతారు. నా దృష్టిలో మన ప్రాంతపు కుర్రవాళ్లు కారు నేర్చుకునేముందు ఆడదగిన ఆట ఇదే. అందులో బ్రిటన్ పటం ఉంది, అక్కడ మనలాగే ఎడమవైపు నడపాలి. లారీ కొనేటప్పుడు కుడివైపు స్టీరింగ్ ఉన్న క్యాబిన్‌ను ఎంచుకోవచ్చు. ఫోన్‌లో ఆడేవారు బస్ సిమ్యులేటర్ ఇండోనేషియాలో మన పల్లెవెలుగు బస్సు రంగులు వేసుకుని ఆడుతుంటారు, అది ముచ్చటైన ఆటే కానీ బండి బరువు అందులో అంతగా తెలియదు.

మా నాన్నగారు మిర్యాలగూడ మిల్లుల నుంచి బియ్యం లోడుతో లారీ నడిపినవారు. నేను ఈ ఆట ఆడుతుంటే వెనక నిలబడి చూసేవారు. ఆయన పట్టించుకున్నది ముందు చక్రాలను కాదు, వెనక చక్రాలను. పొడవైన బండి మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. అందుకే లారీవాడు ఎడమకు తిరగాలంటే ముందు కుడికి జరుగుతాడు. వెనక ఉన్న కారువాడు ఆ ఖాళీని చూసి ఎడమవైపు నుంచి దూరితే లారీకి, గోడకు మధ్య ఇరుక్కుంటాడు. ఆటలో ట్రైలరు స్తంభానికి తగిలినప్పుడల్లా ఈ సంగతి అర్థమవుతుంది, అది అర్థమైనవాడు కారులో కూర్చున్నా లారీకి ఇవ్వవలసిన జాగా ఇస్తాడు. నార్కట్‌పల్లి అద్దంకి రోడ్డు మీద వడ్లు, బియ్యం, సిమెంటు లారీల మధ్య నడపవలసిన మనకు ఇది చిన్న విషయం కాదు.

ఆటలో లేనిది కూడా ఒకటి చెప్పాలి. యూరప్ లారీ కుడి ఇండికేటర్ వేస్తే కుడికి పోతుందని అర్థం. మన దగ్గర కొందరు డ్రైవర్లు వెనక బండిని దాటిపొమ్మని చెప్పడానికి కూడా కుడి ఇండికేటరే వేస్తారు, కొందరు నిజంగా కుడికి తిరగడానికి వేస్తారు. కాబట్టి ఇండికేటర్‌ను మాత్రమే నమ్మి దాటకు తమ్ముడూ. ముందు కాస్త దూరంగా ఉండి, లారీ వేగం తగ్గుతున్నదా, కుడివైపు డివైడరు దారి గానీ పెట్రోలు బంకు గానీ ఉన్నదా చూసుకుని, హారన్ కొట్టి, ఎదుటి దారి పూర్తిగా కనబడ్డాకే దాటు. ఘాట్‌లో దారి ఇరుకైన చోట ఎక్కుడులో వచ్చే బండికి దిగుడులో ఉన్నవారు దారి ఇవ్వాలన్నది నిబంధన. లోడు లారీ ఎక్కుడులో ఒకసారి ఆగితే మళ్లీ కదలడం ఎంత కష్టమో ఈ ఆట ఆడినవారికి వేరే చెప్పనక్కరలేదు.

జడ్చర్ల చౌరస్తా (జడ్చర్ల):

తమ్ముడూ, నేను ఉద్యోగం కోసం 44వ జాతీయ రహదారి మీద రోజూ కారు నడుపుతాను, ఇంటికి వచ్చాక ఆటలూ ఆడతాను. పాలమూరు చక్రం గారు చెప్పినవాటిలో ఎక్కువ భాగం నాకు సమ్మతమే. రెండూ ఒకేసారి మొదలుపెట్టమన్న సలహాతో మాత్రం ఏకీభవించలేను. ముందు అసలు కారు, ఆ తర్వాత స్టీరింగ్ అని నా గట్టి నమ్మకం.

కారణం వేగం మీద మనకు ఏర్పడే అంచనా. తెర మీద 250లో పోయి పోయి, 100 అంటే నిలబడి ఉన్నట్టు అనిపించే స్థితికి వస్తాము. అద్దాలు మూసి ఏసీ వేసిన కారు, షాద్‌నగర్ దాటాక తిన్నగా పోయే వెడల్పాటి రోడ్డు, ఈ రెండూ కలిస్తే అసలు కారులో కూడా 100 అంతే నెమ్మదిగా అనిపిస్తుంది. అదే మొదట స్కూలు కారులో 40లో పోతూ, పక్కనుంచి లారీ పోయినప్పుడు బండి ఊగడం, చేతులకు చెమట పట్టడం అనుభవించినవారి ఒంట్లో వేగానికి ఒక కొలత ఏర్పడుతుంది. ఆ కొలత ఏర్పడ్డాక ఎంత ఆట ఆడినా నష్టం లేదు. అది ఏర్పడకముందే తెర ఇచ్చిన కొలత స్థిరపడితే దాన్ని మార్చుకోవడం చాలా కష్టమని నేను చుట్టుపక్కల కుర్రవాళ్లను చూసి అంటున్నాను.

ఆటలో లేని రోడ్డు మన దగ్గర ఏడాదికి రెండుసార్లు తయారవుతుంది. యాసంగి కోతలప్పుడు, వానాకాలం కోతలప్పుడు మన ఊళ్ల రోడ్లలో ఒకవైపు వడ్లు ఆరబోస్తారు. రైతులకు కల్లాలు చాలక చేసే పని అది, వారి అవసరం నాకు తెలుసు. కానీ నడిపేవారికి అది పెద్ద ప్రమాదం. గింజల మీద టైరుకు పట్టు ఉండదు, అక్కడ గట్టిగా బ్రేకు వేస్తే బండి జారుతుంది. రాత్రి వాటి మీద టార్పాలిన్ కప్పి, అది ఎగిరిపోకుండా చుట్టూ రాళ్లు పెడతారు. నల్లని టార్పాలిన్, బూడిదరంగు రాళ్లు డిప్పర్ వెలుతురులో దగ్గరికి వచ్చేదాకా కనబడవు. దీనికి తోడు వెనక దీపాలు లేని ట్రాక్టరు ట్రాలీ, డివైడరు దారి దూరమని రాంగ్ రూట్‌లో వచ్చే బైకు ఉంటాయి. మన పల్లె రోడ్డు మీద రాత్రి నడపడాన్ని విడిగా, పక్కన అనుభవం ఉన్నవారిని కూర్చోబెట్టుకుని నేర్చుకోవాలి. లైసెన్సు వచ్చిన వెంటనే కుటుంబంతో శ్రీశైలం బయలుదేరవద్దని నాన్నగారికి కూడా నా మాటగా చెప్పు.

లెర్నింగ్ లైసెన్సు తీసుకున్నాక 30 రోజులు గడిస్తేనే డ్రైవింగ్ పరీక్షకు వెళ్లవచ్చు, అది ఆరు నెలలు చెల్లుతుంది. ఆ 30 రోజులను పరీక్ష కోసం ఎదురుచూసే రోజులుగా చూడకు. నేర్పేవారి వైపు కూడా బ్రేకు, క్లచ్ ఉన్న కారును ఇచ్చే స్కూలునే ఎంచుకో, గ్రౌండులో ఎనిమిది అంకె తిప్పించి వదిలేసే చోట చేరకు.

పాత కారు కొనేటప్పుడు ఇంజన్ శబ్దం వినడానికి అందరూ మెకానిక్‌ను తీసుకుపోతారు, టైర్లను మాత్రం ఎవరూ చూడరు. టైరు పక్కభాగంలో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు తయారైన వారం, చివరి రెండు సంవత్సరం. ఉదాహరణకు 2319 అని ఉంటే 2019లో 23వ వారం అని అర్థం. పైన గాళ్లు లోతుగా కనబడినా, ఏళ్లు గడిచిన రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది, మే నెలలో నల్గొండ ఎండకు పక్కభాగంలో పగుళ్లు కూడా వస్తాయి. గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గితే చట్టప్రకారమే ఆ టైరు పనికిరాదు. అలాంటి టైర్లతో కారు వస్తే నీ స్టీరింగ్ డబ్బు వాటికే పెట్టడం మంచిదని నేనంటాను.

ఉదయసముద్రం (నల్గొండ):

అన్నలకు, అక్కకు మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఇవన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. ముందు స్కూలు, తర్వాత కారు టైర్లు చూసుకోవడం, మిగిలిన డబ్బుతో స్టీరింగ్ అని ఇద్దరం ఒక మాటకు వచ్చాము. రేసింగ్ లైను గురించి చెప్పింది నేను ఎన్నడూ ఆలోచించని సంగతి. నిన్న అసెట్టో కోర్సాలో ట్రాక్ ఎడమ సగంలోనే నడిపి చూశాను, కంట్రోలర్‌తో కూడా అది చాలా కష్టంగా ఉంది.

మరొక్క సందేహం తీర్చండి. నాన్నగారి మిత్రులొకరు ఘాట్ దిగేటప్పుడు బండిని న్యూట్రల్‌లో వదిలితే పెట్రోలు బాగా మిగులుతుందని, ఆయన ఎప్పుడూ అలాగే దిగుతానని చెప్పారు. ఆటలో న్యూట్రల్‌లో దిగితే బండి అదుపు తప్పుతున్నది. ఇందులో ఏది నిజం?

పాలమూరు చక్రం (మహబూబ్‌నగర్):

జడ్చర్ల చౌరస్తా గారు చెప్పిన క్రమం నీకు సరిపోతుంది తమ్ముడూ. స్కూలు పూర్తయిన వెంటనే ఖాళీ రాకుండా స్టీరింగ్ తెచ్చుకో. కారు చేతికి వచ్చేలోపు చూపుకు, కాలికి అలవాటు పోకుండా ఉంటుంది.

న్యూట్రల్ విషయంలో ఈసారి ఆట చెప్పిందే నిజం. పెట్రోలు మిగులుతుందన్న మాట కార్బ్యురేటర్ల కాలం నాటిది. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లలో, గేరులో ఉండి యాక్సిలరేటర్ పూర్తిగా వదిలితే ఇంజన్‌కు పెట్రోలు సరఫరా ఆగిపోతుంది, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. న్యూట్రల్‌లో వేస్తే ఇంజన్ తనంతట తాను తిరగడానికి పెట్రోలు తాగుతూనే ఉంటుంది. అంటే ఆ పెద్దాయన పొదుపు అనుకుంటున్నదే ఖర్చు. అసలు నష్టం అంతకంటే పెద్దది. గేరులో ఉన్నప్పుడు ఇంజన్ బండిని వెనక్కి లాగి పట్టుకుంటుంది. న్యూట్రల్‌లో ఆ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది. దిగుడు పొడవునా బ్రేకు నొక్కుతూ పోతే ప్యాడ్లు, డిస్కులు కాగిపోయి, బ్రేకు ద్రవం మరిగే స్థితికి వస్తే పెడల్ మెత్తగా లోపలికి పోతుంది, బండి ఆగదు. ఇంజన్ ఆపేసి దిగేవారు కూడా ఉన్నారు. అప్పుడు బ్రేకు బూస్టరుకు వాక్యూమ్ అందదు, రెండు మూడు నొక్కులకే పెడల్ రాయిలా బిగుసుకుంటుంది, పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది. ఇది ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు.

ఈగలపెంట వైపు నుంచి కృష్ణ మీది వంతెనకు దిగేచోట రెండో గేరు వేసుకో. బండి వేగం పెరుగుతున్నదనిపించినప్పుడు కొద్దిసేపు గట్టిగా బ్రేకు వేసి వేగం తగ్గించి, పూర్తిగా వదిలేసి, బ్రేకులకు గాలి తగలనివ్వు. అదే పనిగా కాలు ఆనించి ఉంచకు. కాలుతున్న వాసన వస్తే వెడల్పుగా ఉన్న చోట పక్కకు ఆపి చల్లారనివ్వు, నీళ్లు మాత్రం పోయకు. దీన్ని ముందుగా చూడాలంటే అసెట్టో కోర్సా కాంపిటిజియోనె అనే ఆటలో బ్రేకు వేడిని చూపించే తెర ఉంటుంది. ఒక చుట్టు అవసరం లేకపోయినా బ్రేకు ఆనించి నడిపి, ఇంకో చుట్టు నేను చెప్పినట్టు నడిపి, రెండింటిలో వేడి ఎలా పెరుగుతున్నదో పోల్చి చూసుకో.

మీరు నల్గొండ నుంచి దేవరకొండ, డిండి మీదుగా పోతారు కదా. టైర్లలో గాలిని ఉదయం బయలుదేరేటప్పుడే, టైర్లు చల్లగా ఉండగా చూసుకోండి, ఐదుగురి బరువుకు ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరు మీద రాసి ఉంటుంది. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసి ఉంటుంది, అడవి అంతా అమ్రాబాద్ పులుల అభయారణ్యం. తిరుగు ప్రయాణంలో గేటు మూసే వేళకు తొందరపడి ఘాట్‌లో వేగం పెంచే పరిస్థితి రాకుండా, మధ్యాహ్నం భోజనం కాగానే శ్రీశైలం నుంచి కదలండి.